వరద ఇళ్లకు సామాన్లు సేకరించడం ఎలా: కాలనీ బృందాల కోసం

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. మాది గుంటూరు. ఆ వచ్చే శనివారమే వినాయక చవితి కాబట్టి పందిరికి వసూలు చేసిన చందా కమిటీ దగ్గర ఉంది. అందులో చాలా భాగం పెట్టి పులిహోర ప్యాకెట్లు కట్టించాం. ఇంటింటికీ తిరిగి పాత బట్టలు పోగుచేశాం. రెండు బండ్లు నింపుకుని, నీళ్లు అప్పుడే తీస్తున్న ఒక సందులోకి వెళ్లాం. వాకిట్లో నిలబడ్డ ఒక పెద్దావిడ మా ప్యాకెట్ చూసి, "అన్నం పొద్దున ఇచ్చారు నాయనా, చీపురు ఏమైనా తెచ్చారా?" అని అడిగారు. ఆవిడ వెనక గదిలో పిక్కల దాకా బురద ఉంది. మా రెండు బండ్లలో కలిపి ఒక్క చీపురు కూడా లేదు.

తర్వాతి రెండు వారాల్లో మళ్లీ మళ్లీ వెళ్లి, చేసిన తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతి ఇది. మీ అపార్ట్‌మెంట్ సంఘమైనా, ఊళ్లో యువజన సంఘమైనా, గుడి కమిటీ అయినా ఇలా మొదలుపెట్టవచ్చు.

ముందుగా, వచ్చింది ఏ విపత్తో చూడండి

తుపాను, నది వరద, ఊరి మధ్య వాగు పొంగడం మూడూ వేరు. వాటికి కావలసిన సామాన్లూ వేరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోటికి టార్పాలిన్లు, తాళ్లు, కొవ్వొత్తులు, టార్చిలైట్లు వెళ్లాలి. పైకప్పు ఎగిరిపోయిన ఇంటికి బకెట్ కంటే ముందు టార్పాలిన్ కావాలి.

గోదావరి వరద కొంత చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కూడా చాలామంది ముందే పునరావాస కేంద్రాలకు చేరగలిగారు. కొంత సామాను మెట్ట మీదకో, బంధువుల ఇళ్లకో చేర్చుకోవడానికి అక్కడ కాస్త వ్యవధి ఉంటుంది. కేంద్రాల్లో ఉన్నవాళ్లకు చాపలు, దుప్పట్లు, దోమల మందు, తాగునీరు, పశువులుంటే మేత కావాలి.

బుడమేరు అలా రాలేదు. కట్టకు గండ్లు పడి నీళ్లు ఊరి మీద పడ్డాయి. మంచం మీద పరుపు నుంచి గ్యాస్ స్టవ్ దాకా, పిల్లల పుస్తకాల దాకా అన్నీ తడిశాయి. కొన్ని సందుల్లో వారం దాటినా నీళ్లు తగ్గలేదు. ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడూ ఇంతే, అదీ ఆ రోజుల్లోనే. ఇలాంటి చోట కుటుంబం ఇంటిని మొదటి నుంచి సమకూర్చుకోవాలి.

ఇంకో విషయం, రోజులు లెక్కపెట్టుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు అన్నం, నీళ్లు, పాలు. ఆ పని ప్రభుత్వం, పెద్ద సంస్థలు చేస్తాయి. విజయవాడలో పడవలు, ట్రాక్టర్లే కాక డ్రోన్లతో కూడా ఆహారం పంపారు. చిన్న బృందం అక్కడికి పరుగెత్తితే దారికి అడ్డం పడుతుంది. నీళ్లు తీశాక, టీవీ వాళ్లు వెళ్లిపోయాక ఇంటి సామాన్ల అవసరం మొదలవుతుంది. మీలాంటి, మాలాంటి బృందాలు అసలు ఉపయోగపడేది అప్పుడే.

అక్కడ ఒక మనిషిని పట్టుకోండి

ఒక్క వస్తువు సేకరించకముందే చేయాల్సిన పని ఇది. వాట్సాప్‌లో తిరిగే "అత్యవసరం" మెసేజీలను నమ్మకండి. అవి రెండు రోజుల కిందటివి అయి ఉంటాయి. నేరుగా ఫోన్ చేయండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్రానిది 1070. అక్కడ వివరం దొరక్కపోతే తహసీల్దార్ కార్యాలయం. ఆంధ్రలో అయితే వార్డు సచివాలయం లేదా గ్రామ సచివాలయం ఉంటుంది.

నా అనుభవంలో అన్నిటికంటే మంచి సమాచారం ఇచ్చినవాళ్లు ముగ్గురు: డ్వాక్రా సంఘం లీడరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఎవరు నెలలు నిండి ఉన్నారో, మంచం దిగలేని ముసలాయన ఏ గుమ్మంలో ఉన్నారో వాళ్లకు చూడకుండానే తెలుసు. వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు సంపాదించండి. రోజుకు ఒకసారే, అదీ సాయంత్రం ఫోన్ చేయండి. వాళ్ల ఇల్లు కూడా మునిగిందని మరచిపోవద్దు. ముందు "మీ ఇంట్లో ఎలా ఉంది అమ్మా?" అని అడిగి, తర్వాత పని మాట్లాడండి.

అడగాల్సినవి నాలుగే. ఏ వీధి, ఎన్ని కుటుంబాలు, ఇప్పటికి ఏమి అందింది, ఏమి అందలేదు. ఈ నాలుగోదాన్ని గట్టిగా పట్టుకోండి. విజయవాడలో ప్రభుత్వం 25 కిలోల బియ్యంతో పాటు కందిపప్పు, పంచదార, పామాయిల్, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఇచ్చింది. మేము ఇంకో బియ్యం బస్తా తీసుకెళ్లి ఉంటే దాన్ని ఆ తడి ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పరిస్థితి. అడిగితే తెలిసింది, వాళ్లకు ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పోపు దినుసులు, టీ పొడి లేవని. పప్పు, బియ్యం ఎదురుగా ఉన్నా చిటికెడు పసుపు లేకపోతే వంట ఎలా మొదలుపెడతారు? రెండోసారి వెళ్లినప్పుడు ఒక్కో కుటుంబానికి ఈ ఆరూ కలిపి చిన్న సంచి కట్టి తీసుకెళ్లాం. ఎక్కువ సంతోషంగా తీసుకున్నది ఆ సంచినే.

ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి

పాత బట్టలు వద్దని మొదటి మెసేజీలోనే రాయండి. ఇది చెప్పడం కష్టం, నాకు తెలుసు. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. కానీ మా కమ్యూనిటీ హాలులో నడుము ఎత్తు పోగైన బట్టల్ని ఏరడానికి ఆరుగురికి రెండు రోజులు పట్టింది. చిరిగినవి, జిప్పు పోయినవి, జరీ చీరలు, పిల్లల ఫంక్షన్ డ్రెస్సులు. సగానికి పైగా పక్కన పెట్టాం. ఆ రెండు రోజులూ ఆ ఆరుగురూ చీపుళ్లు కొని ఉండొచ్చు. పాత బట్టలు బురద వీధిలో దింపితే అవి తడిసి చెత్తకుప్పలో చేరతాయి. ఆ చెత్త ఎత్తే పని కూడా అక్కడివాళ్ల మీదే పడుతుంది.

బట్టల్లో కొత్తవే తీసుకోండి. నైటీలు, లంగాలు, లుంగీలు, తువ్వాళ్లు, అన్ని వయసులకూ లోదుస్తులు. ఈ చివరివాటిని ఎవరూ నోరు తెరిచి అడగరు. మా బృందంలో ఉన్న అక్కని ఒక తల్లి పక్కకు పిలిచి, నాలుగు రోజులుగా అవే తడి బట్టలు కట్టుకుని ఉన్నామని చెప్పుకున్నారు. శానిటరీ ప్యాడ్లు కూడా అంతే, అడిగే దాకా చూడకుండా పెట్టేయండి.

వాడినవాటిలో ధైర్యంగా తీసుకోదగ్గది స్టీలు సామాను. మన ఇళ్లలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వచ్చిన గిన్నెలు, డబ్బాలు, కంచాలు అటక మీద ఏళ్ల తరబడి ఉంటాయి. చాలావాటికి స్టిక్కరు కూడా తీసి ఉండరు. "అటక మీద స్టీలు సామాను దించండి" అని మేము పెట్టిన ఒక్క మాటకు ఒక సాయంత్రంలోనే హాలు నిండింది. దుప్పట్లు కూడా వాడినవే అయినా ఫరవాలేదు. ఉతికి, ఆరబెట్టి, చిరుగు లేకుండా ఉండాలి.

మందులు ఇళ్ల నుంచి సేకరించవద్దు. డాక్టరు చేతుల మీదుగా వైద్య శిబిరానికి వెళ్లాల్సినవి అవి. పాలపొడి డబ్బాలూ అంతే. మంచి నీళ్లు, శుభ్రమైన సీసా దొరకని చోట పసిబిడ్డకు డబ్బా పాలు ప్రమాదం. అవసరమైన బిడ్డ ఉంటే అంగన్‌వాడీ టీచరు చెబుతారు, ఆ బిడ్డకే విడిగా ఇవ్వండి. పరుపులు, దిండ్లు, పాత మిక్సీలు కూడా వద్దు.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసాలు ఎవరైనా తెస్తే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీలు లేని చిన్న గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. బ్లీచింగ్ పౌడర్ కొంటే సీలు తీయని ప్యాకెట్లే కొనండి, తెరిచి ఉంచితే దాని బలం తగ్గిపోతుంది.

మెసేజీ ఎలా రాయాలి

గ్రూపులో పెట్టే మెసేజీ ఫోన్ తెరలో ఒక్కసారికి కనిపించేంతే ఉండాలి. ఎవరికి, ఏయే వస్తువులు, ఎన్ని, ఎక్కడ ఇవ్వాలి, ఎప్పటిలోగా. "ఏదైనా సరే, మీకు తోచింది ఇవ్వండి" అని మాత్రం రాయకండి. అలా రాస్తే మళ్లీ బట్టల పోగే వస్తుంది. "120 కుటుంబాలకు 120 బకెట్లు కావాలి, ఇప్పటికి 45 వచ్చాయి" అని రాస్తే చదివినవాళ్లు తమ వంతు ఎంతో తేల్చుకుంటారు. రోజూ రాత్రి అంకె మార్చి మళ్లీ పెట్టండి. ఒక వస్తువు సరిపోగానే "దుప్పట్లు చాలు, ఇక చీపుళ్లు ఇవ్వండి" అని చెప్పండి. గడువు మూడు రోజులు మించవద్దు.

మేము ఒక్కో బ్లాకుకు ఒక్కో వస్తువు అప్పగించాం. ఒక బ్లాకు బకెట్లు, మగ్గులు, ఇంకోటి సబ్బులు, పేస్టులు, వేరొకటి చాపలు. అలా చేస్తే అన్నీ ఒకే రకంగా వస్తాయి, ఏరే పని తగ్గుతుంది. అందరూ కలిసి హోల్‌సేల్ షాపులో కొంటే ధరా తగ్గుతుంది.

డబ్బు విషయం

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మంచి బృందాలు చెదిరిపోయేది చాలావరకు ఈ దగ్గరే. డబ్బు వీలైతే సంఘం పేరున ఉన్న ఖాతాలోకే రానివ్వండి. సంఘానికి ఖాతా లేకపోతే ఒకరి ఖాతా వాడక తప్పదు. అప్పుడు ఆ మనిషి ఒక్కరే చూసుకోకూడదు, లెక్క రాసేవాళ్లు ఇంకొకరు ఉండాలి. ప్రతి రాత్రి వచ్చింది, ఖర్చయింది, మిగిలింది గ్రూపులో పెట్టండి. బిల్లుల ఫొటోలు కూడా పెట్టండి. ఎవరూ అడగకముందే పెట్టాలి. అడిగాక పెడితే సంజాయిషీలా ఉంటుంది.

పన్ను మినహాయింపు రశీదు కావాలని కొందరు అడుగుతారు. 80జీ, అంటే విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే అనుమతి, లేని కాలనీ బృందం ఆ రశీదు ఇవ్వలేదు. వస్తువుల రూపంలో ఇచ్చినదానికి 80జీ అసలు వర్తించదు. నగదు 2,000 రూపాయలు దాటినా వర్తించదు. అలాంటివాళ్లకు ముఖ్యమంత్రి సహాయ నిధికి నేరుగా పంపమని చెప్పండి.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు డబ్బు పంపుతామంటారు. వాళ్లకు ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, బ్యాంకు ద్వారా తమ సంపాదన పంపడంలో ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళం కిందకు వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. వాళ్లను అనుమతి ఉన్న సంస్థ వైపు పంపండి.

ఏరడం, కట్టడం

నేల తడవని గది చూసుకోండి. సెల్లారు వద్దు, వానాకాలంలో ముందు నీళ్లు చేరేది అక్కడే. గుమ్మం దగ్గర ఒక బల్ల, రెండు నోటు పుస్తకాలు. ఒకదాంట్లో వచ్చినవి, ఇంకోదాంట్లో వెళ్లినవి. బల్ల దగ్గరే ప్రతి సంచీ తెరిచి చూడండి. పనికిరానిది ఉంటే అక్కడే చేతులు జోడించి తిరిగి ఇవ్వండి, లోపలికి వచ్చాక దాన్ని వదిలించుకోవడం కష్టం.

మూత ఉన్న 20 లీటర్ల బకెట్టే మీ పెట్టె. అట్టపెట్టె తడిస్తే విడిపోతుంది. బకెట్ తడవదు, పట్టుకోవడానికి పిడి ఉంటుంది, తర్వాత ఇంట్లో పనికొస్తుంది. నలుగురున్న కుటుంబానికి మేము కట్టింది ఇలా:

- బకెట్‌లో: మగ్గు, బట్టల సబ్బులు, ఒంటి సబ్బులు, పేస్టు, నాలుగు బ్రష్షులు, ఫినాయిల్ సీసా, నేల తుడిచే గుడ్డ, రబ్బరు గ్లౌజులు, దోమల కాయిల్స్, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ప్యాడ్లు. కొబ్బరి చీపురు, వైపర్ బయట తాడుతో కట్టాలి.
- గుడ్డ సంచిలో: రెండు దుప్పట్లు, తువ్వాళ్లు, నైటీ, లుంగీ. చాప చుట్టి పైన.
- ఇంకో సంచిలో: అన్నం గిన్నె, కూర గిన్నె, గరిటెలు, చాకు, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, ఆ పోపు సంచి.

ఫినాయిల్, సబ్బు ఉన్న బకెట్‌లో తినేది ఏదీ పెట్టవద్దు. టార్చిలైటు ఇస్తే బ్యాటరీలు విడిగా కవర్లో వేయండి. ఒక్కో సంచి ఒక ఆడమనిషి ఒంటి చేత్తో మెట్లు ఎక్కించగలిగేంతే బరువుండాలి. మొదటి కిట్ కట్టాక మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి చేతికిచ్చి మోయించి చూడండి.

బకెట్ మీద మీ సంఘం పేరు పెద్దగా వేయకండి. వాళ్లు దాన్ని ఏళ్లు వాడతారు, రోజూ ఆ వరదే గుర్తుకు రావాలా? లోపల ఉన్నవాటి జాబితా తెలుగులో రాసి మూత లోపలి వైపు అతికిస్తే చాలు.

బండి

టాటా ఏస్ ఏడు వందల కిలోల దాకా మోస్తుంది కానీ, బకెట్లతో బరువు కంటే చోటే ముందు నిండుతుంది. ముందు రోజు ఒక బండిలో పేర్చి చూసి ఎన్ని పడతాయో లెక్క తీసుకోండి. చివర దింపాల్సినవి ముందు ఎక్కించాలి. బ్లీచింగ్ పౌడర్ సరుకులకు దూరంగా, తడి తగలని మూల పెట్టాలి. పైన టార్పాలిన్. వాన లేకపోయినా కప్పండి.

ఏ ప్రాంతానికి, ఏమేమి, ఎన్ని అని సంఘం లెటర్‌హెడ్ మీద రాసిన కాగితం, కొన్నవాటి బిల్లులు డ్రైవరు దగ్గర ఉండాలి. అక్కడి తహసీల్దార్ కార్యాలయానికో, పోలీస్ స్టేషన్‌కో ముందే చెప్పండి. ఆ రోజుల్లో చాలా రోడ్ల మీద బండ్లను ఆపేస్తారు. తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే వెనక్కి రండి. నీళ్ల కింద తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ కనిపించదు. వెళ్లేవాళ్లకు గమ్‌బూట్లు ఉండాలి. కాలికి పుండు ఉన్నవాళ్లు ఆ రోజు ఇంటి దగ్గర లెక్కలు చూసుకోవాలి.

చేతికి అందించడం

మెయిన్ రోడ్డు మీద బండి ఆపి పంచవద్దు. సింగ్‌నగర్‌లో రోడ్డు పక్కవాళ్లకు మళ్లీ మళ్లీ అందాయి, లోపలి సందుల్లో వాళ్లు ఎదురుచూస్తూనే ఉన్నారు. బండి కనబడగానే జనం మీద పడతారు. వాళ్ల తప్పు కాదు, ఎవరికైనా టెన్షనే కదా, తమ దాకా వస్తుందో రాదోనని.

ముందు రోజు సాయంత్రం మీ డ్వాక్రా లీడరుతో కలిసి ఇద్దరు వెళ్లి ఇంటింటికీ కూపన్ ఇచ్చి రండి. కూపన్ మీద నంబరు, సమయం ఉండాలి. ఈ తిరుగుడులోనే జాబితాలో లేనివాళ్లు కనబడతారు. అద్దెకు ఉన్నవాళ్లు, వేరే జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్లు, ఆ చిరునామాతో రేషన్ కార్డు లేనివాళ్లు. ఆ ఇంట్లో నీళ్లు నిండాయా లేదా అనేదే చూడండి, కార్డు అడగవద్దు. కూపన్ల కంటే పది పదిహేను కిట్లు ఎక్కువ తీసుకెళ్లండి.

మంచం దిగలేనివాళ్లకు, ఒంటరి వృద్ధులకు, బాలింతలకు ఇంటికే తీసుకెళ్లి ఇవ్వండి. వీలుంటే చాప పరిచి, బకెట్‌తో నీళ్లు తెచ్చిపెట్టి రండి. ఫొటో కావాలంటే బండిని తీయండి, పేర్చిన బకెట్లను తీయండి. తీసుకుంటున్న మనిషి ముఖం తీయకండి. నిన్నటి దాకా మనలాగే వాళ్లింటికి వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చినవాళ్లు వాళ్లు.

తర్వాత

మిగిలిన సామాను ఏమి చేస్తారో పంచకముందే నిర్ణయించుకుని గ్రూపులో చెప్పండి. మా దగ్గర మిగిలిన దుప్పట్లు దగ్గర్లోని వృద్ధాశ్రమానికి ఇచ్చాం. స్టీలు సామాను వచ్చే తుపానుకని దాచాం. దాచేటప్పుడు జాబితా బయట అతికించండి.

మూడు వారాలు ఆగి మళ్లీ ఫోన్ చేయండి. మేము చేసినప్పుడు బకెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. స్టవ్ బర్నర్లలో బురద చేరి మంట సరిగా రావడం లేదన్నారు, స్విచ్ ముట్టుకోవాలంటే భయంగా ఉందన్నారు, పిల్లలకు నోటు పుస్తకాలు లేవన్నారు. ఆ ఆదివారం మా ఊరి నుంచి ఇద్దరు స్టవ్ మెకానిక్‌లు, ఒక ఎలక్ట్రీషియన్ మాతో వచ్చారు. డీజిల్ ఖర్చు, వాళ్ల కూలి, కొన్ని వాషర్లు, పైపులు, రెండు పెట్టెల నోటు పుస్తకాలు. ఒక వీధంతా తిరిగేసరికి సాయంత్రమైంది. మొదటి రోజు చీపురు అడిగిన పెద్దావిడ ఇల్లు ఆ వీధి చివర్లోనే ఉంది. స్టవ్ వెలిగాక టీ పెట్టి అందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చారు.